దూలయ్య అసలు రంగు

ఐదో కాగితం మీద కూడా దూలయ్య ఎర్రబడే బయటికొచ్చాడు.

సాంబమూర్తి వెంటనే తప్పని తేల్చలేదు. తడి ఆరనిదే సిరా నిజం చెప్పదు. పది నిమిషాలు ఆగి, కాగితాన్ని అంచులతో పట్టుకుని వాకిట్లోకి నడిచి, ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చున్న అసలు దూలయ్య చెంప పక్కన పెట్టి చూశాడు.

“ఎట్లున్న తమ్మీ?”

“తాగినట్టున్నవన్నా.”

“తాగుడు బందువెట్టి తొమ్మిదేండ్లాయె. మళ్ళ తియ్యి.”

మణుగూరు కాలనీలో సాంబమూర్తి క్వార్టరు ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక కిటికీ ఉన్నాయి. ఉద్యోగం బొగ్గుబావి లాంప్ రూములో. దిగేవాళ్ళకు తలదీపాలు అందించడం, ఎక్కినవాళ్ళ దగ్గర తిరిగి తీసుకోవడం. “డ్యూటీలో దీపాలు, ఇంట్లో రూపాలు” అని తనమీద తనే జోకేసుకుని, ఎవరూ నవ్వకపోతే ఆ పని కూడా తనే చేసేవాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే మనిషిని పొద్దున ఒక రంగులో లోపలికి పంపి సాయంత్రం ఇంకో రంగులో బయటికి తీసుకున్నాడు. ఎవరి ఒంటిరంగు ఏదో అతనికి తెలిసినంత వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు.

ఈ ప్రింటింగు పిచ్చి మాత్రం భార్య భవాని పోయాక పట్టుకుంది. ఆమె ఫోటోను పెద్దది చేయమని ఇస్తే స్టూడియోవాడు ఛాయాచిత్రంలో చిత్రం మిగిల్చి ఛాయ ఎత్తుకుపోయాడు. పదకొండో రోజు భోజనానికొచ్చిన భవాని సొంత చెల్లెలు, దండ వేసిన ఆ తెల్లటి మనిషిని చూసి, “ఈమెవరు బావా?” అని అడిగింది. సాంబమూర్తి పెద్దగా నవ్వాడు. అందరూ వెళ్ళిపోయాక ఆ ఫోటోను గోడవైపు తిప్పి పెట్టాడు. మరుసటి నెల ప్రింటరు కొన్నాడు.

ఉన్న రంగు ఉన్నట్టు తీస్తాడనే దూలయ్య వెతుక్కుంటూ వచ్చాడు. బావిలో కోలుకట్టరుగా, అంటే లోపల బొగ్గు తవ్వేవాడిగా, ముప్పై రెండేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో గాలికంటే బొగ్గే ఎక్కువ. డాక్టరు మందులు తగ్గించి మంచిమాటలు పెంచాడు. దూలయ్యకు సంగతి అర్థమైంది.

“సచ్చినంక గోడమీద ఉండెటోన్ని నేను. నన్ను నేను సూస్కోని పోత. నా రంగుల నేనుండాలె. మచ్చతోని సహా.”

మచ్చంటే నుదుటి మీద వేలెడంత పొడవున నీలంగా ఉన్న గీత. గాయంలో బొగ్గుపొడి పడి అలాగే మానిపోయింది.

“బావిల కప్పు కూలిననాడు వడ్డది. ముగ్గురం ఉంటిమి. గా మచ్చ తీసేస్తే వాళ్ళిద్దరూ లేనట్టే, నేనూ లేనట్టే.”

పొద్దున తండ్రిని స్కూటరు మీద దింపిపోతూ కొడుకు కిషోర్ సాంబమూర్తిని పక్కకు పిలిచాడు. ఖమ్మంలో ఇన్సూరెన్సు ఆఫీసులో పని అతనికి.

“కాకా, బాపు అట్లనే అంటడు. నువ్వు జర తెల్లగ చెయ్యి. మా అత్తగారోళ్ళు సూస్తరు.”

“నేను పెయింటర్ని కాదురా, ప్రింటర్ని,” అన్నాడు సాంబమూర్తి. కిషోర్ నవ్వలేదు.

ఆరో కాగితానికి స్క్రీన్ వెలుతురు తగ్గించాడు. ఏడోదానికి ప్రింటరులో కాగితం రకం సరిచూశాడు. అయినా ఎరుపే. తెర మీద ముఖం పచ్చగా కనబడుతుంది, తను కొంచెం ఎరుపు కలుపుతాడు, కాగితం మండిపోతుంది. దూలయ్య లేచి, గోడ పట్టుకుని, దగ్గుకుంటూ లోపలికొచ్చాడు.

“ఏంది మూర్తీ, నీ బనీను పచ్చదా?”

“తెల్లదన్నా.”

“గీడ పచ్చగున్నదే.”

సాంబమూర్తి తన ఒంటికేసి చూసుకున్నాడు. కిటికీలోంచి ఎండ వెనక గోడమీద పడుతోంది. చిలకపచ్చ గోడ. భవాని ఇష్టపడి వేయించుకున్న రంగు. ఆ పచ్చదనమంతా బనీను మీదికీ, బనీను ఎదురుగా ఉన్న తెర మీదికీ వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆ గోడ పచ్చి అబద్ధం చెబుతుంటే, అతను కాలనీ జనాన్నందరినీ కాస్త కాస్త ఎర్రబరుస్తూ వచ్చాడు.

“నీకెట్ల దొరికిందన్నా?”

“సీకట్ల పనిజేసినోనికి ఎలుగు యాడికెళ్ళి వస్తదో తెల్వదా?” అన్నాడు దూలయ్య, కుర్చీకి తిరిగి నడుస్తూ. “సున్నమెయ్యి.”

సున్నం వేయడానికి సాంబమూర్తికి మనసొప్పలేదు. పెట్టెలోంచి తెల్లపంచె తీసి, రెండు మేకులు కొట్టి, ఆ గోడకు అడ్డంగా కట్టాడు. తెరముందు కూర్చుని, ఇంతవరకు కలిపిన ఎరుపంతా తీసేశాడు. ఎనిమిదో కాగితం మెల్లగా దిగింది. కాల్చిన ఇటుక మీద నీడ పడినట్టున్న రంగు. నుదుటి మీద నీలిగీత. కళ్ళ చుట్టూ ఎన్ని సబ్బులకూ పోని సన్నటి నలుపు. ఆరేదాకా ఆగాడు. ఈ పది నిమిషాలూ అతనికి గంటలా గడిచాయి.

“అన్నా, ఇగ సూడు!” అని అరుస్తూ వాకిట్లోకొచ్చి చెంప పక్కన పెట్టాడు.

కలవలేదు.

కాగితాన్ని ఎండవైపు తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. చెంప బూడిదరంగులో ఉంది. పెదవులు ఇంకో రంగులో ఉన్నాయి. గడ్డం ఛాతీమీదికి వాలి ఉంది. సాంబమూర్తి చాలాసేపు కాగితంలోనే తప్పు వెతికాడు.

పదకొండో రోజు ప్రింటును కవర్లో పెట్టుకుని వెళ్ళేసరికి, కిషోర్ ఖమ్మంలో చేయించిన పెద్ద ఫ్రేముకు దండ వేసి ఉంది. అందులో మైదాపిండిలో పడి లేచినట్టున్న పెద్దమనిషి ఎవరో కోటు వేసుకుని చూస్తున్నాడు. నుదురు నున్నగా ఉంది.

“ఏమనుకోకు కాకా. నలుగురొచ్చే ఇల్లు. జర నీటుగుండాలె గదా.”

సాంబమూర్తికి ఆ మాటకు ఏ జోకూ రాలేదు. కవరు చంకలో పెట్టుకుని, భోజనం చేసి వచ్చేశాడు.

మర్నాడు దూలయ్య భార్య రామక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“మరిదీ, మా ఆయన నీతాన ఉన్నడట గదా?”

చూపించాడు. ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుని, గాలిలోనే నుదుటి మీది గీత వెంట వేలు నడిపింది.

“తీస్కపో వదినా.”

“యాడ పెట్టుకోను? కోడలు దాసిపెడ్తది. ఈడనే ఉండనియ్యి. అప్పుడప్పుడొస్త.”

ఆ కాగితం ఇప్పుడు తెల్లపంచె మీద పిన్నుతో గుచ్చి ఉంది. ఎవరి ఫోటో ఆరినా సాంబమూర్తి ముందు దాని పక్కన పెట్టి చూస్తాడు. రంగు సరిపోయిందని అతను తలూపాక, వచ్చినవాళ్ళు ఇంకాస్త తెల్లగా చేయమంటారు. చేసిస్తాడు. పంచె గాలికి ఊగినప్పుడల్లా కాగితం కింది అంచు మాత్రం కొద్దిగా లేచి, మళ్ళీ వాలుతుంది.