తడి ఆరకముందు

ఇడ్లీ రేకులు కడిగి బోర్లించి, పొయ్యి గట్టు తుడిచి, మా అత్త తులసమ్మ తాగిన రెండో కాఫీ గ్లాసు తోమేసరికి తొమ్మిదిన్నర. తిరువళ్ళూరులో మా ఇంటి నుంచి స్టేషనుకు నడిచి, లోకల్ ఎక్కి, తిరుత్తణిలో దిగేసరికి పదకొండు దాటుతుంది. మూడు వారాలు, వారానికొకసారి అట్లాగే వెళ్ళాను. మూడోసారి వళ్ళియమ్మక్క తమలపాకు ఈనె తీస్తూ, తల ఎత్తకుండానే అంది: "నీకు నేర్పేది నా వల్ల కాదు, అమ్మణ్ణీ. ఇంకెవురినన్నా సూసుకో."

మా అమ్మ పోతూ పాండూరులో తన పేరున ఉన్న పొలం నాకు రాసింది. అది అమ్మిన డబ్బుతో ఒక పాత ఇల్లు కొని, బాగుచేసి, అమ్మి, మళ్ళీ ఇంకొకటి కొనాలని నా ఆలోచన. బి.కాం. చదివి, పదిహేడేళ్ళుగా ఒకే ఇంటిని తుడుస్తున్న మనిషిని. ఇంకో ఇల్లు ఎట్లుంటుందో చూడాలని ఉండదా? ఈ మాట చెప్పినప్పుడు మా ఆయన వాసుదేవ నవ్వలేదు, కోప్పడలేదు. టీవీ శబ్దం కాస్త తగ్గించి, "దాంట్లో నీకేం తెల్సు, ధాత్రీ? సుభాష్ ఉండాడు కదా, వాడు సూసుకుంటాడు. నువ్వు సంతకం పెడితే సాలు" అన్నాడు. సుభాష్ ఆయన స్నేహితుడు, ఇళ్ళ బ్రోకరు. తిరుత్తణిలో కొత్తగా లేత పచ్చ రంగు వేసిన ఇల్లొకటి చూపించాడు. వాళ్ళిద్దరూ వాకిట్లో కుర్చీలు వేసుకుని ముఖద్వారం దిక్కు గురించీ, రోడ్డు వెడల్పు గురించీ మాట్లాడుకున్నారు. నన్ను వంటగది చూసి రమ్మన్నారు. చూసి వచ్చాక ఎట్లుందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆ ఇల్లు తప్పయితే మా అమ్మ ఇచ్చింది పోతుంది. రెండోసారి ఇచ్చేవాళ్ళు నాకు లేరు.

వళ్ళియమ్మ పేరు చెప్పింది ఆ ఇంటి పక్కామె. ముప్పై ఏళ్ళు సిత్తాళుగా ఇటుకలూ సిమెంటూ మోసిన మనిషి. ఆమెతో పాటు పనిలో చేరిన మగవాళ్ళు రెండేళ్ళకే తాపీ పట్టి మేస్త్రీలైపోయారు; ఆమె నెత్తి మీద తట్ట మాత్రం దిగలేదు. తట్ట మోస్తూనే గోడల్ని చూసింది. యాభయ్యో ఏట, కూలిపోయేట్టున్న ఇల్లొకటి కొని, దగ్గరుండి బాగుచేయించి అమ్మింది. ఆ తరవాత ఇంకో మూడు. నాకు కావలసిన గురువు ఈమేనని మొదటిరోజే అనిపించింది. ఆమెకే అనిపించలేదు.

"ఎందుకు కాదక్కా?" అన్నాను.

"నువ్వొచ్చేది పదకొండుకు. అప్పటికి గోడ ఆరిపోయుంటాది. రంగేసినోడు ఏం సెప్పమంటే అదే సెప్తాది. తెల్లారేటప్పుడు రా, సెయ్యి పెట్టి సూడు, తడి యాడి దాకా ఎక్కుండాదో తెలస్తాది. ఆరింటికి ఈదిలో అందురూ నీళ్ళు పోసుకుంటారు. అవి ఎక్కడికి పారతాయో అప్పుడు సూడు. వాకిలి ఊడ్సే ఆడోళ్ళని అడుగు, నిజం సెప్తారు. మగోళ్ళు లేసినాంక నోరు మెదపరు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పొద్దున ఇంట్లో పనుంటాదక్కా."

"నాకు లేకుండెనా? సద్ది కట్టి పెట్టి ఆరింటికి పనిలో ఉంటి. కూలికి పోతా ఉంటి గదా, అందుకే ఎవురూ అడ్డం రాలేదు. నీకు కూలి లేదు. నువ్వు పోతే ఎవురికి లాభం? అందుకని పోనీరు."

రైల్లో వస్తూ ఆ మాటనే నమిలాను.

శుక్రవారం అడ్వాన్సు ఇవ్వాలని సుభాష్ తొందరపెట్టాడు; ఇంకెవరో చూసి వెళ్ళారట. బుధవారం రాత్రి భోజనాలప్పుడు అడిగాను. అడగడం నాకు బాగా వచ్చు. అమ్మను ఆసుపత్రిలో చూడటానికి అడిగాను, చెల్లెలి పెళ్ళికి ఒకరోజు ముందు వెళ్ళడానికి అడిగాను. ఆయన రెండోసారి అన్నం కలుపుకున్నాక, మజ్జిగ పోయకముందు అడగాలి. ఆ రోజు చారులో ఉప్పు సరిగ్గా ఉండాలి. అడిగేటప్పుడు నా గొంతు నాకే వేరే మనిషిదిగా వినిపిస్తుంది. రేపు పొద్దున ఉండను, ఒక్క పూట మీ ఆఫీసు క్యాంటీన్‌లో తినండి అన్నాను.

"క్యాంటీన్ తిండి నాకు పడదని తెల్సు గదా" అన్నాడు ఆయన, శాంతంగానే.

"పోనీలేరా. నా కాఫీ గురించి ఆమెని ఆపొద్దు. ఇన్నేండ్లు బతికినా, ఒక పొద్దు కాఫీ లేకపోతే సస్తానా ఏంది?" అంది మా అత్త.

ఆమె అట్లా అన్న ప్రతిసారీ నేను ఆగిపోయాను. ఆ మాట అందుకే అంటుంది. ఈసారి మాత్రం ఆమె అన్నది అన్నట్టే తీసుకున్నాను. "సరే అత్తా" అన్నాను. ఆమె ముద్ద నోటి దగ్గరే ఆగింది.

రాత్రే వళ్ళియమ్మక్కకు ఫోను చేసి, పొద్దున మొదటి లోకల్‌కు వెళ్ళాను. పక్కామె దగ్గర తాళంచెవి తీసుకుని వళ్ళియమ్మక్క ఆ పచ్చరంగు ఇంటి తలుపు తీసింది. ఒక్కో గోడకూ అరచెయ్యి ఆనించాను. ముందు గదులు పొడిగా ఉన్నాయి. వంటగది గోడ నా నడుం దాకా చల్లగా, ముదురు పచ్చగా ఉంది. ఆరవుతుండగా వెనక్కి వెళ్ళి చూస్తే, పక్కింటి స్నానాల నీళ్ళు పగిలిన పైపులోంచి ఆ గోడ మొదట్లోకే పోతున్నాయి. ముగ్గు వేస్తున్న పక్కామె వేళ్ళు దులుపుకుని చెప్పింది: "రెండేండ్లుగా ఇంతే. రంగు మాత్రం మూడుసార్లు ఏసినారు."

"కొనొద్దాక్కా?"

"నన్నడగొద్దు. నువ్వు సెప్పు."

పైకప్పు చూశాను, పగుళ్ళ కోసం మూలలు చూశాను. ఆమె ఎంతసేపైనా ఆగేట్టుగా నిలబడింది. "కొంటాను. సుభాష్ చెప్పిన ధరకు కాదు. పైపు మార్చాలి. ఈ గోడ పూత ఇటుక దాకా చెక్కి, ఎండనిచ్చి, మళ్ళీ పూయాలి."

"నలపై దినాలు పడతాది. మేస్త్రి ఆరుకొస్తాడు. నువ్వు ముందే లేకపోతే ఇసుక ఎక్కువ కలిపేస్తాడు." కింద వెతికి పెంకు ముక్కొకటి తీసి నా చేతిలో పెట్టింది. "తడి యాడి దాకా ఉండాదో గీత గీయి. సుభాష్ వచ్చేసరికి ఆరిపోతాది. గీతుంటే ధర తగ్గించమని అడగొచ్చు. సీక్రం కానీ."

అప్పుడే ఫోను మోగింది.

"అమ్మకు కాఫీ నేనే కలిపినా. సక్కెర ఎక్కువయిందంటా ఉంది" అన్నాడు వాసుదేవ. తరవాత, "రేపట్నించి మామూలే గదా?" అన్నాడు.

"లేదండీ. ఇల్లు తీసుకుంటే నలభై రోజులు పొద్దున ఈ టైముకు నేనిక్కడే ఉండాలి."

అటువైపు టీవీ శబ్దం తగ్గింది.

"అడగతా ఉండావా, సెప్తా ఉండావా?"

కిటికీలోంచి ఎండ గోడ మీదికి జరుగుతోంది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పెంకు ముక్కను గట్టిగా నొక్కాను. లేత పచ్చ రంగు పొడిగా రాలింది.

"చెప్తా ఉండాను" అని, గీతను రెండో మూల దాకా గీశాను.