మూడో అంతస్తు వాలు

వాలు ఇంకా కుదరలేదు. లింగమూర్తి పై చెక్క కింద మరో సన్నని పేడు దూర్చి, జారిన కళ్ళద్దాలను మోచేత్తో పైకి నెట్టుకున్నాడు. వెనక గదిలో మంచమంత బల్ల, దాని మీద మూడు అంతస్తుల బొమ్మ పట్టాలు. పైది గని బయటి నేల, కింది రెండూ బొగ్గు పొరలు. సైకిల్ పుల్లలే పట్టాలు, అగ్గిపెట్టెలంత రేకు డబ్బాలే బొగ్గు టబ్బులు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేకున్నా ఒక్క మేకూ వంకర పోలేదు.

ముప్పై మూడేళ్ళు గనిలో పట్టాలు వేసి రిటైరైనవాడికి ఈ ముసలితనపు ఆటేమిటని భార్య అనసూర్య రోజూ గొణిగేది. పళ్ళు కొరుక్కుంటూ చేసే పని ఆటెట్లా అవుతుంది?

పందొమ్మిదేళ్ళ కింద గనిలో మొదటి పొర నుంచి రెండోదానికి దారి వేశారు. మలుపు తిప్పి మెల్లగా దింపాలి. నెల ఆలస్యమవుతుందని సూపర్‌వైజర్ సదానందం నిటారుగా దింపించాడు. తప్పని తెలిసీ నోరు మూసుకుని పట్టాలు బిగించింది లింగమూర్తే. వారం తిరగకముందే తాడు తెగి, నిండు టబ్బు, జారితే ఆపేందుకు పట్టాల మీద పెట్టే అడ్డుకట్టె మీది నుంచి ఎగిరి, ఆ కట్టె పెట్టే కూలి లచ్చయ్య మీద పడి ప్రాణం తీసింది. కట్టె మాత్రం పెట్టిన చోటే ఉంది. తీసి పారేయమన్నది సదానందం, పారేసింది లింగమూర్తి. లచ్చయ్య కట్టె పెట్టడం మరిచాడని రాసిన కాగితం మీద సాక్షి సంతకమూ లింగమూర్తిదే. లచ్చయ్య భార్య రమను నల్లా దగ్గర ఇప్పటికీ 'కట్టె మరిచినోని పెండ్లాం' అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి సదానందం మీద ఒళ్ళు మండేది. తన మీద అంతకు రెట్టింపు మండేది.

వాలు కుదిరాక కబురు పంపితే ఉదయం పదింటికి సదానందం వచ్చాడు, ఆనాటిలాగే ఇస్త్రీ చొక్కాతో. లింగమూర్తి కుర్చీ వేయలేదు. బల్ల మీది రెండు దారుల్లో ముందు మలుపు దారిలో టబ్బు వదిలాడు. కట్టెకు తగిలి ఆగింది. నిటారు దారిలో అంతే కట్టె పెట్టి, అదే టబ్బు వదిలాడు. కట్టె మీది నుంచి ఎగిరి అడుగున బోర్లా పడింది.

"సాయంత్రం రమను పిలుస్తున్న. మీరు రాయించింది, నేను పారేసింది, ఇద్దరం చెప్దాం సార్."

"గిది బొమ్మ. చచ్చినోడు తిరిగి రాడు. జర పానం చూసుకో," అని సదానందం చెప్పులు తొడుక్కున్నాడు.

 చేసిన పాపం చెబితే పోతుందంటారు, పోకున్నా సరే, తానొక్కడే చెబుతానన్నాడు లింగమూర్తి అనసూర్యతో. చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ ఆమె అంతా విన్నది. గ్లాసులు దించి వెళ్ళి, రమను సాయంత్రం రమ్మని చెప్పి వచ్చింది. అన్నం తిని అతను బల్ల పక్కనే కుర్చీలో కన్ను మూశాడు. నాలుగింటికి చాయ్ తెచ్చి లేపితే లేవలేదు.

అనుకున్న వేళకే రమ వచ్చింది. చావుకు వచ్చి వాకిట్లో చేరిన జనాన్ని దాటించి అనసూర్య ఆమెను వెనక గదికి తీసుకుపోయింది.

"చెల్లె, నీ పెనిమిటి కట్టె పెట్టిండు. తీసి పారేసింది నా పెనిమిటి."

రమ ఏడవలేదు, అనసూర్య చెయ్యీ పట్టుకోలేదు. బల్ల మీదికి వంగి చూసింది. అడుగున టబ్బు బోర్లా పడి ఉంది. నిటారు వాలు మీద, రెండు పుల్లల నడుమ, వేలెడంత అడ్డుకట్టె పెట్టింది పెట్టినట్టే ఉంది.