గట్టు మేపుల్‌కు రెండు వైపులు

ఆల్డెన్ పొలానికీ మెరిల్ పొలానికీ మధ్య గట్టు మీదున్న మేపుల్ చెట్టు నవంబరు గాలికి పడిపోయింది. ఎక్కడైనా చెట్టు పడిందని తెలిస్తే నాకు కాలు నిలవదు. వెర్మాంట్‌లో మా చుట్టుపక్కల పడ్డ దుంగలన్నీ చివరకు నా షెడ్డుకే చేరి, చెక్క గిన్నెలై బయటికి వెళతాయి. ఈ దుంగను మాత్రం ఇద్దరూ ఒక షరతు మీద ఇచ్చారు. ఆల్డెన్ వైపు చెక్కతో ఆల్డెన్‌కు గిన్నె, మెరిల్ వైపు చెక్కతో మెరిల్‌కు గిన్నె. కలిపానో, నా పని అయిపోయినట్టే.

అసలు వాళ్లకు కావలసింది గిన్నెలు కావు. పాకం కాచే తీపి నీటి కోసం ఆల్డెన్ తండ్రి ఆశకొద్దీ లోతుగా తొలిచి చెట్టును పాడుచేశాడనీ, పైగా దొంగ అనీ మెరిల్ చిన్నప్పటి నుంచీ దెప్పుతున్నాడు. ముగ్గురం ఒకే బడిలో చదువుకున్నాం, అప్పుడూ ఇదే గోల. ఆల్డెన్ తండ్రి పోయి చాలా కాలమైంది. తండ్రి పేరు మీద ఆ మచ్చ ఉండాలో పోవాలో చెక్కే చెబుతుందని ఆల్డెన్ ఆశ. చెబుతుంది కూడా. వసంతంలో తీపి నీటి కోసం బరమాతో తొలిచిన గుంత కొన్నాళ్లకు పైన పూడిపోతుంది గాని, లోపల దాని చుట్టూ చెక్క రంగు మారి అలాగే ఉండిపోతుంది. గోధుమ రంగు, ఎరుపు, ఒక్కోసారి ఆకుపచ్చ. ఆ రంగుల కోసమే నేను ఈ చెట్ల వెంట పడేది.

పొద్దున్నే ఇద్దరూ వచ్చి షెడ్డులో చెరో మూల కూర్చున్నారు. మెరిల్ డోనట్లు తెచ్చాడు, నా ఒక్కదానికే.

"ఆల్డెన్‌కి ఒకటివ్వు," అన్నాను.

"వాడికెందుకు? వాళ్ల వంశంలో అడిగి తీసుకునే అలవాటు లేదుగా."

ఆల్డెన్ ముక్కను గిర్రున తిప్పే లేత్ మిషనుకు బిగించాను. పచ్చి చెక్క కావడంతో ఉలి ఆనగానే నీళ్లు మొహాన చిమ్మాయి. లోపల తొలిచే కొద్దీ ఎర్రటి చారలు విచ్చుకుంటూ వచ్చాయి. ఎంత బాగున్నాయో, కాసేపు వాళ్లిద్దరినీ మరిచిపోయాను. మిషను ఆపి పాత బరమా గుంతలో వేలు పెడితే అడుగు అందలేదు. మామూలుగా అందరూ అందులో సగమే తొలుస్తారు. లోతు మాట నిజమే. ఆల్డెన్ మొహం చిన్నబోయింది.

తర్వాత మెరిల్ ముక్కను మోటారు రంపంతో కోశాను. బెరడు దగ్గర పొట్టి గుంతలు పద్ధతిగా ఉన్నాయి. మెరిల్ గర్వంగా నా వంక చూశాడు. కానీ వాటికి బాగా లోపల, పాత వలయాల్లో, ఆల్డెన్ వైపున్నంత లోతైన గుంతలు రెండు కనిపించాయి.

"చూశావా నోరా," అన్నాడు మెరిల్. "వాళ్ల వైపు చాలక మా వైపు కూడా తొలిచాడు. మా చెట్ల కింద నుంచి బకెట్లు మోసుకుపోతుంటే చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. ఇంటికెళ్లి చెబితే మా అమ్మ నా చెంప పగలగొట్టింది."

ఆల్డెన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "నాకు గిన్నె వద్దులే నోరా. పొయ్యిలో పెట్టుకో."

నాకు మెరిల్ మీద ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా ఒక సందేహం పట్టుకుంది. చెంప పగలగొట్టిందా, ఎందుకు? చెట్టుకు ఏడాదికొక వలయం కాబట్టి, బెరడు నుంచి ఆ రెండు గుంతల మొదలు దాకా వలయాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను.

"ఆగు ఆల్డెన్. మెరిల్, ఈ రెండూ మనం మూడో తరగతిలో ఉన్న ఏటివి. ఆ ఏడు మీ నాన్న గుంత ఒక్కటీ లేదేం?"

"ఎలా ఉంటుంది? కాలు విరిగి ఆ వసంతమంతా మంచం మీదే ఉన్నాడుగా."

"అయితే ఆ ఏడు మీ ఇంట్లో పాకం లేదన్నమాట."

"ఎందుకు లేదు? పొద్దున లేచేసరికి వరండాలో పాకం డబ్బాలుండేవి. మామయ్య పంపుతున్నాడని అమ్మ..."

"ఏ మామయ్య? బోస్టన్‌లో బూట్లమ్మే ఆయనా?"

మెరిల్ మళ్లీ ఆ గుంతల వైపు తిరిగాడు.

ఆల్డెన్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "ఆ వసంతంలో మా నాన్న ఎడతెగకుండా పాకం కాచాడు," అన్నాడు మెల్లగా. "అంత కాచినా మా డబ్బాలు సగమే నిండాయి. మిగతాది ఏం చేశావని అమ్మ తెగ తిట్టేది. ఆయన నోరు విప్పలేదు."

ఎందుకు విప్పలేదో నాకు తెలుసు. మెరిల్ తండ్రి పౌరుషం సంగతి ఊరందరికీ తెలుసు. ఎదురుగా తెచ్చి ఇస్తే, పిల్లలు పస్తులున్నా సరే, ఆ పాకాన్ని మంచులో పారబోసేవాడు. మెరిల్ అమ్మ చెంప పగలగొట్టి కొడుకు నోరు మూయించిందీ అందుకే.

మెరిల్ ఆ రెండు గుంతల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దాడు. "మా పిల్లలకి చెప్పాను. మనవలకి కూడా చెప్పాను, మీ నాన్న దొంగని," అన్నాడు.

"తెలుసు. మీ మనవడు బడిలో మా మనవణ్ణి దొంగల వంశం అన్నాడు," అన్నాడు ఆల్డెన్.

ఆ మాటకు నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. మెరిల్ జేబులోంచి ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు.

"నేనేనమ్మా, నాన్నని. ఒంట్లో బాగానే ఉంది. పిల్లల్ని కూడా దగ్గరికి పిలువు. ఒక మాట చెప్పాలి, నేను చెప్పేదాకా ఎవరూ మధ్యలో మాట్లాడకండి."

ఆల్డెన్ టోపీ తీసి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.