జడలో దాచిన దారం

దువ్వెనమ్మ మనవరాలి జుట్టును మూడు పాయలు చేసి, మొదటి పాయను వేళ్ల మధ్య బిగించింది. ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో పెళ్లికూతుళ్లందరికీ జడ వేసింది ఆమే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇవాళ మాత్రం అల్లిన పాయను విప్పి మళ్లీ అల్లుతోంది.

"ఇంత నెమ్మదిగా అల్లితే అక్కడ పెళ్లికొడుక్కి గడ్డం నెరిసిపోతుందక్కా!" అంది పక్కింటావిడ. గదిలో ఆడవాళ్లు గొల్లున నవ్వారు. దువ్వెనమ్మ నవ్వలేదు.

జడ అయ్యాక పెళ్లికూతురి మణికట్టుకు దిష్టిదారం కట్టడం ఆమె అమ్మమ్మ నాటి ఆనవాయితీ. కూతురి పెళ్లినాడు, వాన హడావిడిలో, అది మరిచిపోయింది. ఏడాది తిరక్కుండానే కూతురు పురిట్లో కన్నుమూసింది. ఆ పురిటి బిడ్డే ఇప్పుడు ముందు కూర్చున్న పిల్ల.

ఈసారి దారం కట్టొచ్చా అని ఇవాళ పొద్దున్నే మసీదు వరండాలో ఇమాంగారిని అడిగింది.

"పిల్ల ఒప్పుకోలు, పెద్దవాళ్ల అండ, సాక్షులు, వరుడు పిల్లకిచ్చే మహర్ కానుక ఉంటే నికాహ్ అయినట్టేనమ్మా. గోరింటాకూ పాటలూ మన ముచ్చట్లు, వద్దనను. దారం కాపాడుతుందని నమ్మితే మాత్రం అల్లాహ్‌కి సాటి ఇంకోటి నిలబెట్టినట్టే."

"మరి నా కూతురు..."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ తల్లి ఆయుష్షు మీ ముడిలో లేదమ్మా."

ఆ మాటకు ఆమె తల ఊపింది గానీ ఎర్రదారాన్ని పారేయలేదు, కొంగున ముడేసుకుంది. కడితే రేపు అల్లాహ్ ముందు ఏం జవాబు చెప్పాలి? కట్టకపోతే? ఇప్పుడు చివరి పాయ అల్లుతూ, ఎవరూ చూడకుండా, ఆ దారాన్ని జడలోకి దోపేసింది. పెదవులు దువా చదువుతూనే ఉన్నాయి.

నికాహ్ అయింది. కారెక్కబోతూ మనవరాలు ఆమెను కౌగలించుకుని, అరచేతిలో ఏదో పెట్టి వేళ్లు మూసింది.

"తల తడుముకుంటే దొరికింది. ఇది వద్దమ్మమ్మా. నీ దువా చాలు."

"తల్లీ, ఈ ఒక్కసారికి నా మాట విను..."

"నాకూ భయంగానే ఉంది," అంది పిల్ల చెవిలో. "అయినా వద్దు."

కారు మలుపు తిరిగింది. ఆపమని అరవబోతూ రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. పిడికిలి విప్పకుండానే ఇంటివైపు నడిచింది.

గడప పక్కన మనవరాలు విడిచిన పాత చెప్పులున్నాయి. ఒకటి బోర్లా పడి ఉంది. అపశకునమని చటుక్కున వంగింది. చెయ్యి సగంలోనే ఆగింది. నడుం పట్టుకుని లేచి, దాన్ని దాటుకుంటూ లోపలికి వెళ్లింది.

మడమ దగ్గర అరిగిన ఆ చెప్పు వెల్లకిలా తిప్పేవాళ్లు లేక అక్కడే ఉండిపోయింది.