రెండో బేస్ దగ్గర వంటిల్లు

పొద్దున ఏడింటికల్లా దోన్ అనిబాల్ బేస్‌బాల్ మైదానం ఊడ్చి, సున్నంతో గీతలు గీసి, బేసుల దిండ్లు వాటి వాటి చోట్ల వేసేవాడు. మొదటిదాన్నీ మూడోదాన్నీ కాలితో తోసి సరిచేసేవాడు కానీ, రెండోదాన్ని మాత్రం రెండు చేతులతో, నిద్రపోయిన పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేవాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఒక్కేళ్ళు. వంగినప్పుడల్లా నడుము మొరాయించేది.

కారణం ఊరందరికీ తెలిసిందే. చెరకు మిల్లు పక్కనున్న ఆ మైదానంలో రెండో బేస్ మీద నిలబడితే, ఎవరింటి వంటింట్లో మాటలు వాళ్ళకు వినిపిస్తాయి. ఇల్లు వీధి చివరున్నా, కొండల అవతలున్నా ఒకటే. అందుకే ఎవరైనా అక్కడికి చేరుకుంటే అవతలి జట్టువాడు మర్యాదగా మొహం తిప్పుకుని చేతి తొడుగు సర్దుకుంటాడు. "ఏం విన్నావు?" అని అడగడం మహా తప్పు. ఆట రోజున ఊరంతా మైదానంలోనే ఉంటుంది కనక, ఊరివాళ్ళకు వినిపించేది కూర ఉడుకో, పిల్లి దొంగతనమో. పొరుగూళ్ళవాళ్ళకే ఇబ్బంది. ఒకసారి ఒకడు తన తల్లి గురించి పెళ్ళాం అన్న మాట విని, టోపీ విసిరికొట్టి ఆట మధ్యలో బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి నవ్వుతూనే ఉన్నారు.

సేయో ఇల్లు కొండల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళవాడు, బక్కపల్చటివాడు. బంతిని గోడ దాటించే సత్తువ లేదు కానీ, మనుషుల మధ్య సందు చూసి కొట్టడంలో వాడికి వాడే సాటి. వాణ్ణి పెంచింది అవ్వ ఫెలా. వాడు ఆట కోసం ఇల్లు విడిచి తొమ్మిది నెలలైంది. ఆట మొదలవగానే అవ్వ బ్యాటరీ రేడియో బియ్యం బస్తా మీద పెట్టుకుని, పొయ్యి పక్కన పీట వేసుకుంటుంది. సేయో రెండో బేస్ చేరాడని రేడియోలో వినగానే మాట్లాడడం మొదలుపెడుతుంది.

"ఒరే నాయనా, నల్లపెట్ట పదకొండు పిల్లల్ని దించింది. కాఫీ మొక్కలు పూతకొచ్చాయి. వేళకు తింటున్నావా?"

సేయో జవాబు చెప్పలేడు. తల వంచుకుని వింటాడు. అంతకంటే వాడికి ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు. మూడో బేస్ ఖాళీగా నోరు తెరుచుకుని పడి ఉన్నా, వెళ్ళడు. అలా ఆగి ఆగి ఆ ఏడు ముప్పై ఒక్క డబుల్స్, అంటే రెండో బేస్ దాకా చేర్చే దెబ్బలు, కొట్టాడు. ప్రహరీ గోడ మీద రంగుతో రాసిన ఊరి రికార్డు కూడా సరిగ్గా ముప్పై ఒకటే. అది నలభై ఏళ్ళ కిందట దోన్ అనిబాల్ కొట్టింది. ఏ బేస్‌కు చేర్చినా లెక్కలోకొచ్చే మొత్తం హిట్ల రికార్డు తొంభై ఆరు. సేయోవీ తొంభై ఆరే. ఇక మిగిలింది ఒక్క ఆట.

కోచ్ సెవెరినోకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

"రాజధాని జట్టు నుంచి మనిషొచ్చాడు, చూడు, ఆ తెల్లటోపీ ఆయన. పరుగెత్తే కాళ్ళుండి రెండో బేస్ దగ్గర గుంజలా పాతుకుపోయేవాణ్ణి ఆయనేం చేసుకుంటాడ్రా? ఇవాళ కూడా దారి ఉండి ఆగావో, సంచి సర్దుకుని కొండెక్కు!"

సేయో వెళ్ళి సున్నం కలుపుతున్న దోన్ అనిబాల్ పక్కన కూలబడ్డాడు.

"తాతా, ఈమధ్య అవ్వ గొంతు పీలగా వినిపిస్తోంది. మాట మధ్యలో ఆయాసపడుతోంది. నేను ఆగని రోజునే ఆఖరి మాట చెప్పేస్తే?"

ముసలాయన కర్రతో సున్నం తిప్పుతూనే ఉన్నాడు.

"ఆ ముప్పై ఒకటీ నా గొప్పేం కాదురా. మా ఆవిడ ఒఫేలియా మంచాన పడ్డప్పుడు, నాకు వినపడాలని మంచం వంటింట్లోకి లాగించుకుంది. ఇక్కడ నిలబడి దాని కూనిరాగం వినేవాణ్ణి. ఒకరోజు, 'వెళ్ళు, ఇంకా ముందుకెళ్ళు' అంది. విన్నాను. అయినా ఆగిపోయాను. అది పోయాక ఇక్కడేమీ వినపడలేదు. నేనూ ఎక్కడికీ పోలేదు. చీపురు పట్టుకున్నాను."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నాకు తెలిస్తే ఇంకా ఇక్కడే సున్నం కలుపుతూ ఉంటానా?"

ఆటలో సేయోకి చివరి వంతు వచ్చేసరికి ఎండ చల్లబడింది. రెండో బంతినే కొట్టాడు. అది కుడివైపు ఇద్దరి మధ్యగా దూసుకెళ్ళి, గోడకు తగిలి, ఎవరికీ చిక్కకుండా గోడ వెంబడే దొర్లింది. రేడియోలో ఆట చెప్పే మెంచోకి ఇన్ని నెలలుగా ఒకటే అలవాటు. సేయో మొదటి బేస్ దాటక ముందే మైకులో అరిచేశాడు: "రెండు! ముప్పై రెండో డబుల్!"

కొండల్లో ముసలమ్మ అది నమ్మి మాట్లాడడం మొదలుపెట్టేసింది. అందువల్ల సేయో కాలు రెండో బేస్‌ను తాకేసరికి ఆమె మాట సగంలో ఉంది.

"...అందుకని ఆగకు నాయనా. నా కోసం ఆగకు. పరుగెత్తు."

వాడి ప్రాణమంతా అక్కడే ఉండిపోవాలంది. ఇంకొక్క మాట, ఇంకొక్క ఊపిరి వినాలనుంది. కానీ అవ్వ చెప్పిన పని చెయ్యకపోవడం వాడికి చిన్నప్పటి నుంచీ రాదు. దిండును తన్ని పరుగెత్తాడు. కళ్ళనీళ్ళతో దారి కనపడక, నేల మీద పడి జారుతూ మూడో బేస్ పట్టుకున్నాడు. అక్కడ ఏమీ వినపడలేదు.

"శ్రోతలు క్షమించాలి," అన్నాడు మెంచో. "మూడు!"

హిట్లు తొంభై ఏడు, కొత్త రికార్డు. మూడో బేస్ దాకా వెళ్ళాడు కనక డబుల్స్ ముప్పై ఒకటే, తాతతో సమానం. తెల్లటోపీ ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, మర్నాడు పొద్దుటి బస్సుకు రమ్మన్నాడు.

సేయో ముందు చేసిన పని, దోన్ అనిబాల్ ఫోన్ లాక్కుని కొండల్లో అవ్వ పక్కింటివాళ్ళకు చెయ్యడం. వాళ్ళు పరుగున వెళ్ళి ఫోన్ అవ్వ చేతికిచ్చారు. దోన్ అనిబాల్ ఫోన్ ఎప్పుడూ లోకమంతా వినేలా మోగుతుంది. దాని గొంతు తగ్గించడం ముసలాయనకు రాదు.

"అవ్వా! బాగున్నావా? ముందేమన్నావు? నాకు సగమే వినిపించింది."

"చెప్పాల్సినవన్నీ చెప్పేశానన్నాను. మూడోది ఖాళీగా ఉన్నా వీడు ఆగాడు, వీడు ఆగాడు అని ఇన్నాళ్ళూ ఆ మెంచోగాడు తిడుతుంటే నాకు సిగ్గుగా ఉండదూ?" అవ్వ దగ్గి, గొంతు తగ్గించింది. "ఒరే, ఇవాళ నువ్వు నాకు వినిపించావు."

"నేనా?"

"నీ అడుగులు. పొయ్యి పక్క నుంచి వాకిటి వైపు, టపటపా. గిన్నెలు కూడా కదిలాయి. ఇన్నాళ్ళూ ఆగిపోయేవాడివి, ఆగినవాడి అడుగులేం వినపడతాయి? తొమ్మిది నెలల తర్వాత నా ఇంట్లో తిరిగావురా."

సేయో ఏడ్చాడు. దోన్ అనిబాల్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఫోన్ జేబులో వేసుకుని, దిండ్లు తీయకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు బస్సు మైదానం పక్కగా మలుపు తిరుగుతుంటే సేయో కిటికీలోంచి చూశాడు. ముసలాయన మొదటి బేస్ దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి, చీపురుతోనే పరుగందుకున్నాడు. ఆయన వంటింట్లో వినేవాళ్ళు లేక నలభై ఏళ్ళయింది. అయినా రెండో బేస్ దగ్గర ఆగలేదు.