ఆదివారం ప్లగ్గు

ఆ డబ్బా మా ఇంట్లోకి వచ్చింది మట్టల ఆదివారం ముందు బుధవారం నాడు. ఆ రోజు మా కోడలు పెర్సిస్ బెండకాయ పులుసు పెట్టింది, ఉప్పు తక్కువైంది. మా అబ్బాయి రాజ్ కిరణ్ అన్నం ముందు కూర్చోకుండా ఆ డబ్బా ముందే కూర్చున్నాడు. బైబిలంత ఉంది. దానికి నాలుగు తీగలు, ఒక పచ్చ దీపం.

"ఒరే, మనకు వైఫై ఉందిగా? ఇదేంటి మళ్ళీ?" అన్నాను.

"నెట్ కంపెనీవాళ్ళిచ్చింది పనికిరాదమ్మా. ఇది చిన్న కంప్యూటర్. లైనక్స్ ఎక్కించాను. ఇక ఇంట్లో నెట్ అంతా నా చేతిలోనే."

ఈ గల్ఫ్ దేశంలో, అల్ తుమామా అనే పేటలో మాది కింది వాటా. డబ్బాను హాల్లో చెప్పుల అర పక్కన పెట్టాడు. దాని జోలికి ఎవరూ పోకూడదని నాకూ, పెర్సిస్‌కూ, పనమ్మాయి శివకుమారికీ వరసగా నిలబెట్టి చెప్పాడు. శివకుమారిది రాయచోటి దగ్గర పల్లె. మా ఇంటికొచ్చి అప్పటికి నెలన్నర. ఆరో తరగతి చదివే కూతురుంది ఆ పిల్లకు. దాన్ని హాస్టల్లో పెట్టి వచ్చింది. వంటింట్లో గిన్నెలు తోముతూ కూతురి లెక్కల మార్కులు నాకు చెప్పేది, నేను నా చిన్నప్పటి నరసాపురం సంగతులు చెప్పేదాన్ని. ఇద్దరికీ వినేవాళ్ళు దొరికారు.

ఈస్టర్ తర్వాత శుక్రవారం ప్రార్థన కూటం మా ఇంటికి మారింది. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు, అందుకని ఆరాధన శుక్రవారమే. పొద్దున చర్చి, సాయంత్రం ఇళ్ళలో కూటం. ఇదివరకు సంజీవరావు గారింట్లో జరిగేది, వాళ్ళ హాలు చాలక మా దగ్గరకు తెచ్చారు. ముప్ఫై మంది వచ్చేవారు. ఇప్పుడెవరి చేతిలోనూ పుస్తకం లేదు, వాక్యమూ పాటలూ అన్నీ ఫోన్లోనే. అందుకని రాజ్ కిరణ్ వైఫై పాస్‌వర్డ్ పెద్దక్షరాలతో రాసి చెప్పుల అరకు అంటించాడు. ఇక్కడ చాలామందికి రెండేసి ఫోన్లు, ఒకటి కంపెనీది, ఒకటి సొంతది. రెండూ కలిపేసేవారు.

ఆ ఆదివారమే మొదలైంది తంటా. ఆదివారాలు నా గదిలో టీవీ పెట్టుకుని మా ఊరి చర్చి ఆరాధన చూస్తాను. వారానికి అదొక్కటే నేను టీవీ పెట్టేది. ఎంతకీ రాదు, చక్రం తిరుగుతూనే ఉంది. రాజ్ కిరణ్ ఆదివారాలు ఇంట్లోనే డ్యూటీ చేస్తాడు. ముషైరిబ్ ఆఫీసు నుంచి గురువారం లాప్‌టాప్ తెచ్చుకుంటాడు, ఆదివారం దాకా మూత తియ్యడు. వాడి గదిలోంచి కూడా విసుగు వినపడుతోంది. ఫోన్లు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి.

"శివా, ఆ డబ్బా ప్లగ్గు ఒకసారి తీసి పెట్టవే" అన్నాను.

"సార్ ముట్టుకోవద్దన్నారు గదా అవ్వా."

"నేను చెబుతున్నానుగా. మా చెల్లెలు గోవిందపురం నుంచి వస్తుంది చర్చికి, తెర మీద కనపడుతుంది. తియ్యి."

తీసింది, పెట్టింది. కాసేపటికి టీవీ వచ్చింది. లోపల రాజ్ కిరణ్ లాప్‌టాప్‌కు కూడా నెట్ వచ్చింది. "ఆ, వచ్చేసింది" అని వాడనుకోవడం విన్నాను. తర్వాతి ఆదివారమూ అంతే, ఆ తర్వాతదీ అంతే. మధ్యలో ఒక వారం దానంతటదే వచ్చింది, అది పోను నాలుగు ఆదివారాలు ఆ పిల్ల నా మాట మీద ప్లగ్గు తీసి పెట్టింది.

ఆ పై ఆదివారం లాప్‌టాప్‌కు నెట్ రాక, రాజ్ కిరణ్ ఫోన్లోనే పెద్ద మేనేజరుతో మీటింగులో కూర్చున్నాడు. ఆ సంగతి మాకు తెలియదు. శివకుమారి ప్లగ్గు తీసింది. ఫోను తెగింది. వాడు తలుపు తోసుకుని బయటికొచ్చేసరికి ప్లగ్గు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

"దొరికావు! ప్రతి ఆదివారం తొమ్మిదింటికి డబ్బా ఆగి మొదలైనట్టు లోపల రాసి ఉంది. దెయ్యమా అనుకున్నాను. నువ్వా!"

"సార్, నేను గాదు సార్... అవ్వ..."

"మా అమ్మ మీదకు తొయ్యకు. అమ్మ దాని వైపు కూడా పోదు."

శివకుమారి నా వైపు చూసింది. నేను గది గుమ్మంలో ఉన్నాను, కళ్ళజోడు చేతిలో ఉంది. వెనక టీవీలో చక్రం తిరుగుతోంది. నేను నోరు తెరిచాను. వాడి ముఖం చూశాను. ఆ గొంతు నా మీదకు తిరుగుతుందని భయమేసింది. నోరు మూసుకున్నాను.

డెబ్బై ఏళ్ళ సంగతులు వరసగా చెబుతానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ రోజు ఒక్క మాట చెప్పలేకపోయాను.

గ్యారంటీ గడువు దాటలేదు కాబట్టి, పనివాళ్ళను తెప్పించే ఏజెన్సీకి ఆ పిల్లను తిరిగి అప్పగించవచ్చట, మిక్సీ వాపసు ఇచ్చినట్టు. మంగళవారం బండి వచ్చింది. కారణం రాయాల్సిన గడిలో 'ఇంట్లో సామాను చెడగొడుతుంది' అని రాజ్ కిరణ్ రాసిచ్చాడు. ఆ పిల్ల బ్యాగు తీసుకుని నా దగ్గరకొచ్చింది.

"పోయొస్తా అవ్వా. మీ మోకాళ్ళ నూనె కిటికీ కాడ పెట్టినా" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే నాకే తేలికయ్యేది.

తర్వాతి ఆదివారం లాప్‌టాప్ రాలేదు, టీవీ రాలేదు. ప్లగ్గు తీసేవాళ్ళు లేరు. రోజంతా రాజ్ కిరణ్ ఆ డబ్బాకు తీగలు మార్చాడు, ఏవో రాశాడు, చెరిపాడు. సోమవారం చీకటిపడేసరికి దానంతటదే బాగైంది. "నేనే చేశాను" అన్నాడు. పై ఆదివారం మళ్ళీ అదే. అప్పుడు ఎడ్విన్‌ను పిలిచాడు. ఎడ్విన్ దుఖాన్‌లో కంపెనీ నెట్‌వర్క్ చూసే కుర్రాడు, మా కాకినాడ వైపువాడే, కూటానికి కూడా వస్తాడు.

ఎడ్విన్ లాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచి ఏవో తెల్లక్షరాలు పైకీ కిందికీ జరిపాడు.

"అన్నా, డబ్బా ఆదివారం ఆగి మొదలవడం పదిహేను రోజుల కిందట ఆగిపోయింది. జబ్బు మాత్రం అలాగే ఉంది. అంటే ఆపడం జబ్బు కాదు. ఆపితే తగ్గుతోంది. ఎవరు ఆపేవారు?"

"పనమ్మాయి. పంపేశాం."

"నేను ఆపించేదాన్ని" అన్నాను.

పెర్సిస్ టీ గ్లాసులతో అక్కడే ఆగిపోయింది. రాజ్ కిరణ్ నా వైపు తిరిగాడు. ఎడ్విన్ కుర్చీ నా దగ్గరకు జరుపుకున్నాడు.

"ఎప్పుడెప్పుడు ఆంటీ? గుర్తుందా?"

గుర్తుండకపోవడమేమిటి! మొదటి ఆదివారం నుంచి చెప్పాను, ముందు శుక్రవారం ఎంతమంది వచ్చారో, సమోసాలు ఎన్ని సరిపోలేదో కూడా. ఎండలకు కూటం మానేసిన వారం టీవీ చక్కగా వచ్చిందనీ, ఆ వారం ప్లగ్గు తియ్యలేదనీ చెప్పాను. ఎడ్విన్ తొడ మీద చరుచుకున్నాడు.

"దొరికింది! అన్నా, నంబర్లు ఎన్ని పెట్టావు? నలభయ్యేనా? మూడు రోజులకా? అరె యార్!" అని నా వైపు తిరిగాడు. "ఆంటీ, నెట్ వాడే ప్రతి ఫోనుకూ ఈ డబ్బా ఒక నంబరు ఇస్తుంది. అన్న నలభయ్యే పెట్టాడు. శుక్రవారం వచ్చినవాళ్ళ ఫోన్లు అవన్నీ పట్టేస్తాయి. వాళ్ళు ఇంటికి పోయినా మూడు రోజుల దాకా ఆ నంబర్లు వాళ్ళ పేరు మీదే. ఆదివారం మీ టీవీ కొత్తగా అడిగితే ఖాళీ లేదు."

"బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసినట్టా?"

"అదే ఆంటీ! రుమాలు వేసినవాడు ఇంటికెళ్ళి పడుకున్నాడు, రుమాలు సీటు మీదే ఉంది. ప్లగ్గు తీస్తే డబ్బా అన్నీ మరిచిపోతుంది, రుమాళ్ళన్నీ దులిపేసినట్టు. ఆ అమ్మాయి చేసింది బాగుచేయడమే."

రెండు గంటలకే నంబరు తిరిగొచ్చేలా మార్చాడు. నంబర్లు రెండు వందలు చేశాడు. టీ చల్లారే లోపు అయిపోయింది. టీవీలో మా ఊరి చర్చి గంట వినపడింది. నేను కట్టేశాను.

ఎడ్విన్ వెళ్ళాక రాజ్ కిరణ్ అన్నాడు: "ఆ రోజే చెప్పొచ్చుగా అమ్మా?"

"చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఏజెన్సీకి ఫోన్ చెయ్యి. తప్పు ఆ పిల్లది కాదని చెప్పు."

నేను లేవకుండా కూర్చుంటే చేశాడు. అవతల మనిషి హిందీలో ఏదో అన్నాడు. ఆ కారణం చూసి రెండిళ్ళవాళ్ళు వద్దన్నారట. పోయిన వారం విమానం ఎక్కించేశారట.

"ఆ కాగితమైనా మార్పించు."

"అయిపోయిన దానికి కాగితమేంటమ్మా? వదిలెయ్."

శివకుమారికి ఫోన్ చేశాను. పెర్సిస్ నంబరు కలిపి ఇచ్చింది. తెర మీద ఆ పిల్ల ముఖం మెరుస్తూ వచ్చింది, బొమ్మ ఎక్కడా ఆగలేదు.

"బాగా కనపడ్తాండారు అవ్వా. బాగైనాదా డబ్బా?"

"అయిందే. నీ తప్పు లేదని తేలింది."

"నాకు ముందే తెల్సు గదా" అంది. ఫోను దగ్గరకు తెచ్చుకుని, "మీకూ తెల్సు" అంది. వెనక నుంచి కూతురు పిలిస్తే, "పోయొస్తా అవ్వా, నీళ్ళ ట్యాంకరొచ్చింది" అని పెట్టేసింది.

ఆ శుక్రవారం కూటంలో రాజ్ కిరణ్ లేచి సాక్ష్యం చెప్పాడు. ఎన్ని వారాల చిక్కో తీరిందనీ, ఎడ్విన్‌ను దేవుడే పంపాడనీ అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. చివరి ప్రార్థన ఎప్పుడూ నాదే, ఇంటింటి పేర్లూ తప్పకుండా చెబుతానని. ఆ రోజు అందరి పేర్లూ చెప్పి, "ప్రభువా, ఈ ఇంట్లో నా మాట విని నాలుగు వారాలు మాకు మేలు చేసిన శివకుమారిని, నేను నోరు మూసుకున్నందువల్ల దొంగలా పంపించాం, ఆ కాగితం మీద నా కొడుకు..." అన్నానో లేదో,

"ఆమెన్!" అన్నాడు రాజ్ కిరణ్, గట్టిగా.

ముప్ఫై మందీ ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచారు, కుర్చీలు జరిపారు. సమోసాల పళ్ళెం తిరిగింది. కొత్తగా వచ్చిన ఒకామె ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అమ్మగారూ, పాస్‌వర్డ్ ఏంటండీ?"

"మా అబ్బాయినడుగమ్మా" అన్నాను. "అవసరమైన వేళ జవాబు చెప్పే మనిషిని కాదు నేను."