జంపక్క పేరున్న డబ్బా

పదకొండో డబ్బా మీద ఇంటి నంబరు రాసి, సిరా ఆరేదాకా నోటితో ఊదింది జంపక్క. పన్నెండో డబ్బా అందుకోబోయి, చెయ్యి ఆపి, లేచి లోపలికి పోయింది. నులక మంచం మీద హైమ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జంపక్క వంగి చేతి వెనకభాగాన్ని పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. వెచ్చటి ఊపిరి తగిలింది. తిరిగొచ్చి చాప మీద కూర్చుంది. తెల్లవారిన దగ్గర్నుంచి అలా పోయి చూసి రావడం అది నాలుగోసారి.

పన్నెండో డబ్బా మీద రాయాల్సిన పేరు ఆమెదే. పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చుని, చివరికి రాసింది. రాసి, దాన్ని సంచిలో అన్నిటికన్నా అడుగున పెట్టింది.

ఆమె చేసే పనిని సర్వే మేడం వాళ్ళ కాగితాల్లో ఫీల్డ్ వర్కర్ అని రాసేవారు. చుట్టుపక్కల చిన్న పల్లెలైన గుంపుల్లో మాత్రం డబ్బాల జంపక్క అనేవారు. అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఏడు కోయ గుంపుల్లో ఇంటింటికీ ఈ మూత డబ్బాలు ఇచ్చి, మర్నాడు పొద్దున్నే పోయి అందులో వాళ్ళ విరేచనం నమూనా తెచ్చి, ఐసు డబ్బాలో పెట్టి జీపుకు అందించాలి. పందులున్న వాళ్ళ దగ్గర పందుల నాలుకలు చూడాలి. ఎవరికైనా ఫిట్స్ వస్తున్నాయా అని అడిగి రాసుకోవాలి. పందుల్లోంచి మనుషుల్లోకి వచ్చే బద్దెపురుగు ఎవరెవరిలో ఉందో కనిపెట్టడానికి పట్నం నుంచి డాక్టర్లు చేస్తున్న సర్వే అది. ఏడో తరగతి చదివిన ఆడమనిషి ఆ గుంపుల్లో ఈమె ఒక్కతే గనక పని ఈమెకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నటి మెడ, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు కొద్దిగా పక్కకు వంగిన తల, కునుకు చాలక కళ్ళ కింద నల్లటి చారలు.

హైమ లేచింది. పన్నెండేళ్ళ పిల్ల. ఎనిమిది నెలల కింద బడిలో మొదటిసారి కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. అప్పట్నుంచి బడి మాన్పించేసింది తల్లి. పొయ్యి దగ్గరికి పోవద్దు, వాగుకు పోవద్దు, చెట్టెక్కొద్దు, ఒంటరిగా స్నానం చెయ్యొద్దు. తండ్రి పామాయిల్ తోటల్లో గెలలు కొయ్యడానికి పోయి వారానికోసారి వస్తాడు గనక ఆ కాపలా అంతా జంపక్కదే.

అన్నం కలిపి ముద్ద చేసి పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"నేను తింటగద. చిన్నపిల్లనా?"

"తినేటప్పుడు ఫిట్స్ వస్తే? ముద్ద గొంతుల పడితే? తెరువు నోరు."

నాలుగు ముద్దలు తిని హైమ నీళ్ళు అందుకుంది. ఒక గుక్క తాగి మొహం ముడుచుకుంది.

"పొగ వాసనొస్తున్నయ్."

"కాచిన నీళ్ళు గట్లనే ఉంటయ్ బిడ్డా."

"చెలమ నీళ్ళు తియ్యగుంటయ్ అమ్మా. అందరు అయ్యే తాగుతరు."

"అందరి సంగతి నాకెందుకు. నువ్వు వాగు దిక్కు పోయినవంటే కాళ్ళిరగ్గొడ్త."

హైమ తల్లిని చూసి నవ్వింది. ఆ బెదిరింపు ఆమె పుట్టినప్పటి నుంచి వింటోంది. ఒక్కసారైనా దెబ్బ పడలేదు. జంపక్క పిల్ల మూతి తన వేళ్ళతోనే తుడిచి, ఫిట్స్ గోలీ మింగించి, నాలుక ఎత్తించి నిజంగా మింగిందో లేదో చూసింది.

ఎదురింటి ముందు ముత్యాలు మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళు దాటిన ముసలాయన, పళ్ళు లేవు, పదేళ్ళుగా జావ తప్ప ఏమీ తినడు. జంపక్కకు వరసకు మామ. నిన్న ఇచ్చిన డబ్బాను పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"ఏందే కోడలా, మా ఇంట్ల గింజలున్నయా లేవా అని అడిగినోడు లేడు గని, పొద్దుగాల దొడ్డికి పోయిననా లేదా అని ఢిల్లీ దాక అడుగుతున్నరు."

"ఢిల్లీ కాదు మామా, ఖమ్మమే."

"ఖమ్మమైతే మరీ మోసం. దగ్గరాయె, వాసనొస్తది." తన మాటకు తనే బోసినోటితో నవ్వి అడిగాడు. "పోయినసారి నాది మంచిగనే వచ్చింది గద?"

"వచ్చింది మామా."

ఆయన మొహం చూడకుండా గుడ్డ విప్పి డబ్బాను సంచిలో పెట్టుకుంది. రెండేళ్ళ కింద ముత్యాలు మామది రెండుసార్లు మంచిగా వచ్చింది. ఒకసారి ఆయన పేరు మీద, ఒకసారి ఆమె పేరు మీద.

"పిల్లను జర చూస్తుండు మామా. నేను పగటేళకు వస్త."

"పో పో. నేను మంచం దిగను, ఆమె గుమ్మం దిగదు."

దారిలో ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుతున్న ఆడవాళ్ళు పలకరించినా ఆమె ఆగలేదు. సంచి అడుగున ఉన్న డబ్బా నడుముకు తగులుతూనే ఉంది. ఖాళీ డబ్బాకు బరువేముంటుంది, అయినా తగులుతోంది.

మూడేళ్ళ కింద ఒక రోజు పొద్దున, పొదల చాటున, తన విరేచనంలో గుమ్మడి గింజలాంటివి చూసింది. తెల్లగా, చదునుగా ఉండి, ఒకటి కొద్దిగా కదిలింది. అదేమిటో అప్పుడు తెలియదు. కాలితో మన్ను కప్పి వచ్చేసింది. మరుసటి ఏడు సర్వే పనిలో చేరినప్పుడు శిక్షణలో దాని బొమ్మే గోడ మీద వేసి చూపించారు. గింజంత ముక్క బద్దెపురుగుదేనని, ఒక పూట గోలీ వేసుకుంటే పోతుందని పాఠం చెప్పే డాక్టరు అన్నాడు. జంపక్కకు ఊపిరి ఆడింది. అంతలో ఆ డాక్టరే ఇంకో మాట చెప్పాడు. తలలో ముందే పురుగు తిత్తులున్న వాళ్ళెవరికైనా ఈ గోలీతో ఫిట్స్ రావచ్చు, అందుకే అడిగి చూసి ఇవ్వాలి అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. తక్కినదంతా బల్లల మీద కూర్చున్న వేరేవాళ్ళు విన్నారు. నా తలలో ఉంటే? గోలీ మింగి నేను పడిపోతే? నేను పోతే పిల్లకు అన్నం పెట్టేదెవరు, రాత్రి దుప్పటి కప్పేదెవరు? వారం రోజులు ఇదే ఆలోచన. సొంత ఇంటి డబ్బా వంతు వచ్చిన రోజు ముత్యాలు మామ డబ్బా తెరిచి, పుల్లతో సగం తన డబ్బాలోకి తీసుకుంది. జావ తాగే ముసలాయన కడుపులో ఏముంటుంది?

పిల్లకు మాత్రం ఆమె పంది మాంసం ముట్టనిచ్చేది కాదు. పండుగకు పందిని కోసి, టేకాకుల మీద ఇంటికో వాటా పంచితే, తెచ్చి వండేది. ఉడికిందో లేదోనని ముక్క తీసి కొరికి చూసేది. ఇంకాసేపుంచి మళ్ళీ కొరికేది. నాలుగైదు ముక్కలు అట్లా చూసినా అనుమానం తీరక, చివరికి పిల్లకు పచ్చిపులుసుతోనే కలిపి పెట్టేది. తన పిల్ల తినలేదు గనక తన పిల్లకు రాదు అనుకుంది. మూర్ఛ మొదలయ్యాక కూడా ఎండదెబ్బ అనుకుంది, దిష్టి అనుకుంది, గాలి సోకడం అనుకుంది.

రెండో గుంపులో ఒక ఆసామి పందిని పడుకోబెట్టి కాళ్ళు కట్టి ఉంచాడు. కొత్త విత్తనాల పండుగకు దాన్నే కొయ్యాలట. జంపక్క మోకాళ్ళ మీద కూర్చుని పంది దవడల మధ్య కర్ర అడ్డం పెట్టింది. అది చెవులు చిల్లులు పడేలా అరిచింది. గుడ్డతో నాలుక పట్టి బయటికి లాగి, చూపుడువేలు నాలుక కింద మెల్లగా జరిపింది. నున్నగా, వేడిగా, జిగటగా ఉంది. ఒకచోట వేలికి సగ్గుబియ్యపు గింజలాంటి పురుగు తిత్తి తగిలింది. పక్కనే ఇంకోటి.

"ఇది తినొద్దన్నా. పూడ్చెయ్యాలె."

"మొక్కిన పందే, జంపక్కా. దేవతకు ఏం జెప్పుదు? నువ్వు రాసే కాగితం జూపియ్యాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జంపక్క నవ్వలేదు. రెండు గింజలు అని రాసుకుని లేచింది. పూడ్చరని ఆమెకు తెలుసు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బడి వరండా దగ్గరికి చేరింది. జీపు అప్పటికే వచ్చి ఉంది. సర్వే డాక్టరు సుజాత మేడం డబ్బాలు లెక్క చూసుకుంది. పోయిన నెల హైమను ఖమ్మం తీసుకుపోయి తలకు స్కానింగ్ తీయించింది ఆమే. తన సంచిలోంచి ఆ స్కానింగ్ నల్లటి పెద్ద ఫిలిం తీసి ఎండకు ఎదురుగా పట్టుకుంది.

జంపక్క దగ్గరికి జరిగి చూసింది. గుండ్రటి బూడిద రంగు తల. అందులో తెల్లటి చుక్కలు. నాలుగు, ఐదు, అటుపక్కన ఇంకా. పొద్దున వేలికి తగిలిన గింజలు ఇక్కడ కంటికి కనబడుతున్నాయి.

"హైమ పంది మాంసం తింటుందా?" అంది మేడం.

"ముట్టదు మేడం. నేను ముట్టనియ్య."

"తిన్నందుకు తలలోకి రాదు జంపక్కా. తిన్నవాళ్ళకు కడుపులో పురుగు పెరుగుతుంది. ఆ పురుగు గుడ్లు వాళ్ళ చేతుల నుంచి ఇంకొకళ్ళ నోట్లోకి పోతేనే తలలో ఇట్లా అవుతుంది. ఎక్కువగా ఒకే ఇంట్లో వాళ్ళ నుంచి. మీ ఇంట్లో పోయినసారి అందరిదీ బాగానే వచ్చింది. అదే నాకు అంతుపట్టడం లేదు."

జంపక్క తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. గోళ్ళ సందుల్లో పొద్దుటి అన్నం మెతుకు తెల్లగా ఎండి ఉంది.

"నా పేరు మీద పంపింది నాది గాదు మేడం."

మేడం ఫిలిం దించింది.

"ముత్యాలు మామది. నాకు అప్పటికే పడుతుండె. గింజలు."

"ఇప్పుడు?"

"మొన్న గూడ."

జీపు డ్రైవరు ఎక్కడో బోరింగు కొడుతున్న చప్పుడు వినిపించింది. మేడం కళ్ళద్దాలు తీసి ముక్కు మీది చెమట తుడుచుకుంది.

"ఒక్క పూట గోలీతో పోయేది జంపక్కా," అంది. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించిందేమో, జంపక్క భుజం మీద చెయ్యి వేసింది. "సరే. సోమవారం జీపు పంపిస్తా. పిల్లను దవాఖానాలో చేర్చుకుని మందులు పెడతాం. నీకూ ఇస్తాం. చాలామందికి తగ్గుతుంది."

"అందరికి తగ్గదా మేడం?"

మేడం ఫిలింను కవరులో పెట్టుకుంది. సోమవారం పొద్దున్నే తయారుగా ఉండమంది.

ఇంటికి నాలుగు మైళ్ళు. పామాయిల్ తోట నీడల్లోంచి జంపక్క దాదాపు పరుగెత్తినట్టే నడిచింది. రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుంది, ఎవరివో మోసుకుపోతున్నట్టు. పన్నెండేళ్ళు. ఎన్ని ముద్దలు? పురుగున్న ఈ మూడేళ్ళకే ఎన్ని? పక్కింటి వాళ్ళు పెట్టబోతే వద్దని, మేనత్త పెట్టబోతే వద్దని, అందరి చేతులూ అనుమానించి తన చేత్తోనే పెట్టింది. ఇవాళ్టి నుంచి దాని అన్నం అదే తింటుంది. తాను గిన్నె ముట్టదు. సోమవారానికి ఇంకా మూడు రోజులు. ఈ మూడు రోజులూ పక్కనే కూర్చుంటుంది, ముట్టుకోకుండా కూర్చుంటుంది.

గుంపులోకి వచ్చేసరికి ఇంటి తలుపు తెరిచి ఉంది. ముత్యాలు మామ మంచం మీద లేడు. కాచిన నీళ్ళ బిందె మూత తీయకుండా అలాగే ఉంది. వాగు వైపు నుంచి ఒక ముసలావిడ ఎదురొచ్చి, జంపక్కను చూసి దారి మధ్యలో ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వేసవి వాగు. ఇసుకే తప్ప నీళ్ళు లేవు. ఇసుకలో తవ్వుకున్న చెలమ మోకాలి లోతు కూడా ఉండదు. హైమ నీళ్ళు తాగడానికి వంగి ఉంటుంది. వంగినప్పుడే ఫిట్స్ వచ్చి ఉంటాయి. చూసినవాళ్ళు ఎవరూ లేరు. పువ్వు ఏరుకుని వస్తున్న ఆడవాళ్ళు చూసేటప్పటికి చెలమలో మొహం పెట్టుకుని పడి ఉంది. తీసి ఇసుక మీద పడుకోబెట్టారు, అప్పటికే ఊపిరి లేదు. జుట్టు నొసటికి అంటుకుని ఉంది. కనురెప్పల మీద ఇసుక రేణువులు.

"నాకు కన్ను మూతబడ్డది కోడలా," అంటున్నాడు ముత్యాలు మామ, ఎవరూ అడక్కుండానే. "జర కన్ను మూతబడ్డది. గంతే. గంతే కోడలా."

జంపక్క పిల్ల పక్కన కూలబడింది. ఏడవలేదు. రెండు చేతులూ చంకల కింద దోపుకుని, గట్టిగా అదుముకుని, ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

"పట్టుకోవే జంపక్కా," అంది ఒకామె ఏడుస్తూ. "నీ బిడ్డనే గద. ఒళ్ళెకు తీస్కో."

జంపక్క తల అడ్డంగా ఊపింది. చేతులు బయటికి తియ్యలేదు. చివరికి ఆ ఆడవాళ్ళే పిల్ల కళ్ళ మీది ఇసుక తుడిచారు, వాళ్ళే ఎత్తుకున్నారు. ఆమె వాళ్ళ వెనకాల, చేతులు చంకల్లోనే పెట్టుకుని నడిచింది.

వాళ్ళు పోయాక వాగులో ఎవరూ లేరు. చెలమలో నీళ్ళు మెల్లగా తేరుకున్నాయి. ఒడ్డున రాయి మీద, హైమ పుల్ల గుచ్చి కుట్టిన టేకాకు దొప్ప ఒకటి ఉంది. అందులో ఎనిమిది తునికి పండ్లు. తొమ్మిదోది సగం కొరికి, మిగతా సగం దొప్ప అంచుకు ఆనించి పెట్టి ఉంది.